పౌరుని మాట – పాలనకు బాట

ప్రజాస్వామ్యమంటే ఐదేండ్లకొకమారు ఓటు వేయుట మాత్రమే కాదు. ఆ నడుమ కాలంలోనూ పౌరుని మాట పాలకుల చెవిని పడవలెను. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. 74వ సవరణ 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలకు వార్డు కమిటీలను నిర్దేశించింది. ఈ సంప్రదింపు కంప్యూటరు, ఫోనుల ద్వారా సాగితే అదే ఇ-భాగస్వామ్యం.

2015లో కేంద్ర ప్రభుత్వం 100 నగరాలకై స్మార్ట్ సిటీ పథకాన్ని ప్రారంభించింది. ప్రణాళికా రచనలో పౌరుల అభిప్రాయ సేకరణ ఒక ముఖ్యాంశం. 2016 జనవరిలో ఎంపికైన తొలి 20 నగరాలలో మన విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి.

పరిగి వంటి పల్లెసీమకు దీనితో పనేమి? 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ ద్వారా 161 సేవలతో ‘మన మిత్ర’ను ప్రారంభించింది. నగరపు సదుపాయం పల్లె గడపకూ వచ్చినది. అయితే ఇంట కూర్చుండి ధ్రువపత్రం పొందుట సౌకర్యమే. పంచాయతీ సొమ్ము ముందు చెరువు కాలువకా, వీధి దీపాలకా అని చెప్పగలుగుటే భాగస్వామ్యం.

ప్రజలకు మేలైన ఫలితాన్ని సృష్టించుటే ప్రభుత్వాధికారి ధర్మమని అమెరికా ఆచార్యుడు మార్క్ మూర్ 1995లో తన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఎన్ని విన్నపాలు చేరినవన్నది కాదు, ఎన్నింటికి సమాధానం లభించినదన్నదే అందుకు కొలత.

ఫోను లేని వృద్ధురాలు, అక్షరం రాని కూలీ ఈ సభకు వెలుపలనే నిలిచిపోతే, వ్యవస్థ ఎంత నవీనమైనా అది కొందరి సభయే. 2022లో ఉర్దూ మన రాష్ట్రమునకు రెండవ అధికార భాష అయినది. తెలుగు, ఉర్దూ రెండూ నేర్చిన విద్యార్థులారా! ఆ మూగగొంతులకు మాట కండి.