చాచా రాంగులాం: వచ్చిన ఓటు, పోయిన దీవులు

మారిషస్‌లో కొట్టువాడు తిరిగిచ్చిన చిల్లర అరచేతిలో పోసుకుని చూస్తే రూపాయి మీదా, అయిదు రూపాయల మీదా ఒకే ముఖం కనిపిస్తుంది. విమానాశ్రయానికీ ఆయన పేరే. సర్ శివసాగర్ రాంగులాం. హిందూ మహాసముద్రంలోని ఆ ఆఫ్రికా దేశానికి తొలి ప్రధాని, జనం నోట ‘చాచా’. ఆ జనమే 1982లో ఆయన్ను చిత్తుగా ఓడించారు. ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్న ఓటు కోసమే ఆయన సగం జీవితం పోరాడారు. ఆయన బొమ్మ నాణెం మీదకెక్కడం కంటే ఇదే పెద్ద సంగతి అంటాను.

1900 సెప్టెంబరు 18న బెల్‌రీవ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి మోహిత్ బీహార్ నుంచి చెరుకు తోటల్లో కూలికి వచ్చినవాడు. 1834 మొదలు అలా ఓడలకెత్తిన లక్షల మందిలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఉగాది నేటికీ ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. శివసాగర్‌కు ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు. పన్నెండేళ్లప్పుడు పశువుల కొట్టంలో ప్రమాదం జరిగి ఎడమ కన్ను పోయింది. అయినా చదువు మానలేదు. 1921లో లండన్ వెళ్లి వైద్యం చదివి, 1935లో డాక్టరుగా తిరిగొచ్చారు.

వచ్చేసరికి దీవిలో చక్కెర మిల్లుల యజమానులదే రాజ్యం. ఆస్తో, ఆదాయమో ఉన్నవాడికే ఓటు. నాలుగు లక్షలు దాటిన జనాభాలో ఓటర్లు 12 వేలకు మించరు. 1940లో శాసన మండలిలో అడుగుపెట్టిన రాంగులాం ఈ గోడ మీదే దెబ్బ మీద దెబ్బ వేస్తూ వచ్చారు. 1948 నాటి కొత్త రాజ్యాంగంలో అది కొంత కూలింది. దీవిలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్నచిన్న వాక్యాలు చదివి, రాసి, సంతకం చేయగలిగితే ఓటు ఇస్తామన్నారు.

అప్పుడు జరిగినది కళ్లకు కట్టాలి. పగలంతా చెరుకు కొట్టిన చేతులు పొద్దుగూకాక పల్లెల్లోని ‘బైఠకా’ల్లో, అంటే ఊరివాళ్లు కూడే చోట్లలో, పలకలు పట్టాయి. అరవై ఏళ్ల ముసలివాళ్లు కూడా కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారు. ఈ ఘనత రాంగులాం ఒక్కరిదే అంటే అన్యాయం. ఊరూరా కార్యకర్తలను పంపి అక్షరాలు నేర్పించినవారు పండిత్ బాసుదేవ్ విష్ణుదయాళ్. ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా 70 వేలు దాటింది. 1959 నాటికి వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1961లో రాంగులాం ముఖ్యమంత్రి అయ్యారు.

ఇక స్వాతంత్ర్యం. ఇక్కడే ఆయన జీవితంలో మాయని మచ్చ ఉంది. 1965 సెప్టెంబరు 23న లండన్‌లో బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆయన్ను విడిగా పిలిపించుకున్నారు. అమెరికా సైనిక స్థావరం కోసం, అప్పటికి మారిషస్‌లో భాగమైన చాగోస్ దీవులు బ్రిటన్‌కు కావాలి. రాంగులాంకు స్వాతంత్ర్యం ఆశ చూపాలి, కాదంటే అదీ దక్కదేమోనన్న భయమూ పెట్టాలి అని ముందురోజే విల్సన్‌కు అధికారులు రాసిచ్చిన చీటీ తర్వాత బయటపడింది. మంతనాలయ్యాయి. 30 లక్షల పౌన్ల పరిహారానికి చాగోస్‌ను వేరుచేయడానికి మారిషస్ ప్రతినిధులు ఒప్పుకున్నారు.

అది ఒప్పందం కాదు, బెదిరింపు. వలస పాలకుడి ఎదుట కూర్చున్న వలస దేశపు నాయకుడికి కాదనే దారి ఎంతుంటుంది? 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఆ విభజన చట్టవిరుద్ధమనే చెప్పింది. కానీ ఆ తర్వాత జరిగినదానికి ఈ సమాధానం చాలదు. 1968-73 మధ్య చాగోస్ వాసులను, సుమారు పదిహేను వందల మందిని, ఓడలెక్కించి మారిషస్‌లోనూ సీషెల్స్‌లోనూ దింపేశారు. పెంపుడు కుక్కలను సైతం షెడ్డులో మూసి పొగపెట్టి చంపారు. పునరావాసానికని బ్రిటన్ ఇచ్చిన 6.5 లక్షల పౌన్లు ఏళ్ల తరబడి మారిషస్ ఖజానాలోనే ఉండిపోయాయి. రాజధాని పోర్ట్ లూయీ మురికివాడల్లో ఆకలితో అల్లాడిన ఆ కుటుంబాలకు చాచా ప్రభుత్వం ఆ డబ్బు వెంటనే పంచి ఉండాల్సింది. అందుకు ఏ విల్సనూ అడ్డుపడలేదు.

1967 ఎన్నికల్లో దాదాపు 44 శాతం మంది స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికే ఓటేశారు. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో మతకలహాలు చెలరేగి, బ్రిటిష్ సైన్యం దిగాల్సి వచ్చింది. ఆ నెత్తుటి తడి ఆరకముందే మార్చి 12న, గాంధీజీ దండి యాత్ర మొదలుపెట్టిన తేదీనాడు, కొత్త జెండా ఎగిరింది. మరుసటేడాదే స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన గేటన్ డువాల్ పార్టీని రాంగులాం ప్రభుత్వంలో చేర్చుకున్నారు. దేశం నిలబడటానికి అది ఎంతో మేలు చేసిందని నా నమ్మకం.

అయితే 1971లో అత్యవసర పరిస్థితి పెట్టి, ప్రతిపక్ష నాయకుడు పాల్ బెరాంజే వంటి వారిని జైల్లో వేసినదీ ఆయన ప్రభుత్వమే. 1972లో జరగాల్సిన ఎన్నికలు 1976 దాకా జరగలేదు. ఓటు కోసం అంత కొట్లాడిన మనిషి ఓటర్లను అంతకాలం వేచి ఉండమనడం మింగుడుపడదు. ఈలోగా 1975 మే 20న విద్యార్థులు రాజధాని మీదకు కదిలారు. పోలీసులు వంతెన దగ్గర అడ్డుకుని బాష్పవాయువు వదిలారు. కానీ పిల్లల మొర వృథా పోలేదు. ఓటు వయసు 18కి తగ్గింది, 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితమైంది. కూలీల పిల్లలు డాక్టర్లు, ఇంజినీర్లు అయ్యారంటే ఈ నిర్ణయమే మూలం. ఆయన చేసిన పనులన్నిటిలో ఓటు తర్వాత నేను లెక్కించేది దీన్నే.

చక్కెర ధర పడిపోయింది, నిరుద్యోగం పెరిగింది, అవినీతి ఆరోపణలు ముసిరాయి. 1982 జూన్‌లో ప్రధాన దీవిలోని 60 స్థానాలకు 60 ప్రతిపక్ష కూటమే ఎగరేసుకుపోయింది. 81 ఏళ్ల రాంగులాం సొంత నియోజకవర్గంలోనూ ఓడిపోయారు. ఓటమిని ఒప్పుకుని గద్దె దిగారు. అనిరుద్ జగన్నాథ్ ప్రధాని అయ్యారు. ఓడిన పాలకుడు సైన్యాన్ని పిలవకుండా ఇంటికి వెళ్లడం ఆనాటి ఆఫ్రికాలో అరుదు. ఏడాదిన్నర దాటగానే ఆ జగన్నాథ్ ప్రభుత్వ హయాంలోనే ఆయన గవర్నర్ జనరల్ అయ్యారు. 1985 డిసెంబరు 15న ఆ పదవిలోనే కన్నుమూశారు.

చాగోస్ లెక్క మాత్రం ఇంకా తేలలేదు. 2025 మే 22న ఆ దీవుల మీద సార్వభౌమాధికారాన్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందంపై బ్రిటన్ సంతకం చేసింది. మారిషస్ పక్షాన సంతకం చేసిన ప్రధాని నవీన్ రాంగులాం, చాచా కొడుకే. స్థావరం ఉన్న డీగో గార్షియా మాత్రం 99 ఏళ్లు బ్రిటన్ ఆధీనంలోనే ఉంటుందని అందులో రాసుకున్నారు. అదే రోజు తెల్లవారుజామున, మమ్మల్ని అడగకుండా మా దీవులను ఎలా పంచుకుంటారంటూ అక్కడే పుట్టిన ఇద్దరు మహిళలు లండన్ హైకోర్టు తలుపు తట్టారు. కోర్టు కొన్ని గంటలు ఆపి, తర్వాత సంతకానికి దారి ఇచ్చింది. 1965లోనూ చాగోస్ వాళ్లను ఎవరూ అడగలేదు.