కువైట్ ప్రయాణానికి డేటా ఎంత?

కడప జిల్లా నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవాళ్లు చాలామంది. ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో మీ వీధిలోనే ఒకరిద్దరు ఉండవచ్చు. అలా వెళ్లే ఒక అమ్మ, అక్కడి సిమ్ చేతికి వచ్చేదాకా వారం రోజులు ఇక్కడి సిమ్‌మీదే రోమింగ్ ప్యాక్‌తో గడపాలనుకోండి. రోజూ ఇరవై నిమిషాలు పిల్లల ముఖాలు చూస్తూ మాట్లాడాలని ఆమె కోరిక. ఎంత డేటా కొనాలి? తక్కువైతే మూడోరోజుకే మాట ఆగిపోతుంది. ఎక్కువైతే డబ్బు దండుగ.

మన దేశంలో 2013 జూలైలో ఆగిపోయిన టెలిగ్రాంకు మాటల లెక్కన రుసుం కట్టేవాళ్లం. ఫోనుకు మాటలు తెలియవు. దానికి తెలిసిందల్లా బిట్లు, అంటే 0, 1 అంకెలు. 8 బిట్లు ఒక బైట్. ‘అమ్మ’ అని రాస్తే అ, మ, పొల్లు, మళ్లీ మ. ఒక్కోదానికి 3 చొప్పున 12 బైట్లు. ఇలాంటివి వెయ్యి రాసినా ప్యాక్‌కు చీమ కుట్టినట్లు కూడా ఉండదు.

బొమ్మ సంగతి వేరు. వీడియోకు సెకనుకు 1 మెగాబిట్ అనుకుందాం. చాలామంది పొరబడేది ఇక్కడే! వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ప్యాక్‌ను మెగాబైట్లలో అమ్ముతారు. కనుక 8తో భాగించాలి. 20 నిమిషాలంటే 1200 సెకన్లు, 1200 మెగాబిట్లు, అంటే 150 మెగాబైట్లు. అయిపోయిందా? లేదు. ఆమె ముఖం ఇక్కడికి రావాలి, మీ ముఖం అక్కడికి పోవాలి. పోయేదీ వచ్చేదీ రెండూ ఆమె ప్యాక్‌లోనే తరుగుతాయి. రోజుకు 300, వారానికి 2100 మెగాబైట్లు!

గొంతు మాత్రమే వింటే? డిజిటల్ టెలిఫోనులో గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాసే పద్ధతి ఉంది. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. ఈ లెక్కన ఇరవై నిమిషాలకు రెండువైపులా కలిపినా 20 మెగాబైట్లు దాటదు. వారంలో రెండు రోజులు ముఖం చూసి, ఐదు రోజులు గొంతు వింటే 700 మెగాబైట్లతో సరి. నన్నడిగితే ఒక గిగాబైట్ ప్యాక్ చాలంటాను. మిగిలింది దారి చూసుకోవడానికి పనికొస్తుంది.

అయితే సెకనుకు 1 మెగాబిట్ అన్నది మనం అనుకున్నదే. ఆప్‌ను బట్టి, సిగ్నల్‌ను బట్టి అది మారుతుంది. కొలిచి చూడండి. వైఫై ఆపి, సెట్టింగుల్లో డేటా వినియోగం ఎంతుందో రాసుకోండి. పది నిమిషాలు వీడియో కాల్ చేసి మళ్లీ చూడండి. తేడాను రెట్టింపు చేస్తే ఒక రోజు ఖర్చు. ఫోటోలు, ఆప్‌లు వాటంతటవే డేటా వాడుకోకుండా ముందే ఆపేయండి. ఈ కొలత మీ ఫోనులో కాదు, ప్రయాణమయ్యే అమ్మ ఫోనులోనే తీయాలి.