అయిదుగురికే చోటు

అనంతపురంలో కూర్చుని గోల్ఫు గురించి వ్రాస్తున్నానంటే కొందరికి నవ్వు రావచ్చు. యేడాదికి 55 సెంటీమీటర్ల వాన సరిగా పడితే పండుగ చేసుకునే సీమ మాది. పశువులకే పచ్చిక కరువైన చోట బంతి దొర్లించడానికి యెవరు పచ్చిక పెంచుతారు? టెన్నిసుకైతే చదునైన గచ్చు చాలు. 2010లో స్పెయిను ఆటగాడు రఫేల్ నాదల్ సంస్థ యిక్కడి పిల్లలకోసం టెన్నిస్ బడి తెరవగలిగింది. గోల్ఫుకు నీళ్ళు కావాలి.

అయినా మా యిళ్ళలో సైతం యీ ఆట మాట వినిపిస్తోందంటే, దానికి కారణం సాహిత్ తీగల. హైదరాబాదునుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన తెలుగు దంపతుల కుమారుడు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్నతనంలోనే వెన్నెముక వంకర వున్నదని తేలింది. అయినా తండ్రి మురళీధర్ వెంట మైదానానికి వెళ్ళడం మానలేదు.

అక్కడ ఉన్న మా మేనల్లుడు మొన్న ఫోనులో, “మామయ్యా, మావాడు కూడా గోల్ఫే బ్రతుకుతెరువు చేసుకుంటానంటున్నాడు. వదలమంటావా, ఆపమంటావా?” అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు గాని, దారి యెలా వుంటుందో తెలుసుకున్నాను.

పెద్ద పోటీలు చాలావరకు పి.జి.ఎ. టూరువి. అందులో ఆడాలంటే “కార్డు” కావాలి. దానికోసం 1965లో క్వాలిఫయింగ్ స్కూలు మొదలుపెట్టారు. పేరు స్కూలే గాని అందులో పంతుళ్ళు లేరు, పాఠాలు లేవు. వున్నది పరీక్ష ఒక్కటే. వేల డాలర్ల రుసుము చెల్లించి, అంచెలంచెలుగా గెలుస్తూ డిసెంబరులో చివరి అంచెకు చేరాలి. అక్కడ నాలుగు రోజుల ఆట. మొదట నిలిచిన అయిదుగురికే కార్డు. అయిదో స్థానంలో యిద్దరు సమానంగా వస్తే మళ్ళీ ఆడి తేల్చుకోవలసిందే. 2013నుంచి 2022వరకూ యీ చిన్న తలుపు కూడా మూసేశారు. ఆ కాలంలో స్కూలు నెగ్గినవాడికి దక్కేది క్రింది మెట్టయిన కార్న్ ఫెర్రీ టూరులో ప్రవేశం మాత్రమే.

ఆ క్రింది టూరులో యేడాదంతా ఆడి మొదటి యిరవైమందిలో వుంటే కార్డు వస్తుంది. యూరోపు టూరునుంచి పదిమందికి వస్తుంది. కాలేజీ ఆటగాళ్ళలో అగ్రస్థానం పొందినవాడికీ యిస్తున్నారు. సాహిత్ కాలంలో యీ చివరి సదుపాయం లేదు. పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 2020లో కాలేజీ గోల్ఫులోని మూడు పెద్ద బహుమతులు సంపాదించాడు. తీరా వృత్తిలో దిగేసరికి కరోనా వచ్చి ఆ యేడు క్వాలిఫయింగ్ స్కూలే జరగలేదు! పోటీలు నడిపేవారు పిలిచినచోటల్లా ఆడుతూ, 2021 ఆగస్టు, సెప్టెంబరులలో కార్న్ ఫెర్రీ టూరు చివరి మూడు పోటీలలో రాణించి కార్డు దక్కించుకున్నాడు.

కార్డు వచ్చినంతమాత్రాన గెలుపు రాదు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్సులో చివరి రోజు ఆట అగ్రస్థానంలో మొదలుపెట్టాడు. పదిహేడవ గుంట దగ్గర కొట్టిన బంతి దొర్లి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో గెలుపు జారిపోయింది. తల్లిదండ్రుల కౌగిట్లో అతడు ఏడవడం ప్రపంచమంతా చూసింది. మాకు నీళ్ళు లేక నష్టం, అతనికి ఉండి నష్టం! 2023 సెప్టెంబరులో నాపాలో తొలి విజయం లభించింది.

ఇంకొక దారి సోమవారపు పోటీ. గురువారం మొదలయ్యే పందేనికి, సోమవారంనాడు ఒక్కరోజు ఆడి చోటు సంపాదించాలి. మన అర్జున్ అత్వాల్ 2010లో కార్డు పోగొట్టుకుని, యిలాగే విండ్‌హాం పోటీలో జొరబడి, ఆ పోటీనే గెలిచాడు. పి.జి.ఎ. టూరులో గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. సోమవారం వచ్చినవాడు అలా గెలవడం 1986 తరువాత అదే మొదటిసారి. ఆ చోట్లు యిప్పుడు యింకా తగ్గించారు.

మేనల్లుడికి ఇదంతా చెప్పి, కాలేజీ చదువు మానకుండా ఆడనిమ్మన్నాను. ఒక్క వానమీద వేరుశనగ పంటంతా పందెం కాసే రైతులను చూస్తూ పెరిగినవాణ్ణి, ఆపమనడానికి నోరు రాలేదు. “కార్డు వస్తే యిక దిగులు లేదుగా?” అన్నాడు. అదీ లేదు. 2024దాకా సంవత్సరాంతానికి 125మందికి కార్డు నిలిచేది, 2025నుంచి నూరుమందికే. నూట ఒకటోవాడు డిసెంబరులో మళ్ళీ ఆ స్కూలు వాకిట నిలబడవలసి రావచ్చు.