కెమేరా చిత్రములు - ఇంటి కంప్యూటరు

శీతకాలమున వట్లూరునుండి కొల్లేటి ఒడ్డున నున్న ఆటపాకకు బోయి, ఇనుపమంచెలపై గూళ్లు కట్టుకొన్న గూడబాతులను ఒక్కపూట చూచివచ్చినచో, కెమేరాలో మూడు నాలుగు వందల చిత్రములుండుట వింత కాదు. వెనుకటి ఫిలిముచుట్ట ముప్పదియారు చిత్రములతో ముగిసెడిది. దానిని స్టూడియోలో అప్పగించి చేతులు దులుపుకొనెడివారము. ఇప్పుడు కడుగుడు పని తప్పినదిగాని, సర్దుడు పని మన నెత్తిన బడినది.

ఈ పనిలో మేమొక పర్యాయము దెబ్బతింటిమి. కెమేరా తాను తీసిన చిత్రమునకు వరుససంఖ్య మాత్రమే వేయును. ఆ సంఖ్య 9999 వరకు నడచి మరల 0001కి వచ్చును. కొన్ని కెమేరాలలో, అమరికనుబట్టి, కార్డు ఖాళీ చేసినప్పుడెల్ల లెక్క మొదటికే వచ్చును. రెండు ప్రయాణముల చిత్రములకు ఒకే పేరు పడుట ఇందువలననే. మేము అన్నిటిని కంప్యూటరులో ఒక్కచోటనే కుమ్మరించితిమి. “ఈ పేరుగల ఫైలు ఇదివరకే యున్నది, దాని స్థానమున క్రొత్తదానిని ఉంచవలెనా” యని యంత్రము అడిగినది. చదువకయే ఔనంటిమి. అంతకుముందటి యేటి చిత్రములు పోయినవి. అడిగి చేసినదానిని తప్పుపట్టుటెట్లు? గూడబాతులు మరుసటి యేడు మరల వచ్చినవి. ఆ చిత్రములలో గట్టుమీద కూర్చుండిన మా నాయనమ్మగారు మాత్రము అప్పటికి లేరు.

కావున ప్రతి ప్రయాణమునకు వేరు ఫోల్డరు ఉండవలెను. దాని పేరు “2024-01-28 ఆటపాక” అని సంవత్సరముతో మొదలిడుట మేలు. కంప్యూటరు పేళ్లను ఎడమనుండి అక్షరమక్షరముగ పోల్చి వరుసపెట్టును. మన అలవాటు చొప్పున తేదీ ముందు వ్రాసినచో అన్ని యేండ్ల ఒకటవ తేదీలు ఒకచోట గుమిగూడును. చిత్రము తీసిన వేళ ఫైలులోపలనే నమోదగునుగాని, అది కెమేరా గడియారము చెప్పిన వేళయే. బయలుదేరుటకు ముందే దానిని సరిచూడవలెను.

కార్డునుండి తెచ్చునపుడు “కట్” జోలికి పోక, “కాపీ” చేయవలెను. నడుమ తీగె ఊడినను, కరెంటు పోయినను (గాలివాననాడు మన యూళ్లలో అది క్రొత్తయా?) మూలము కార్డులో నుండును. పిదప ఫైళ్ల సంఖ్య సరిపోల్చి, నాలుగైదు తెరచి చూచి, రెండవ ప్రతిని విడి డిస్కులోని కెక్కించవలెను. ఆ డిస్కు అదే బల్ల సొరుగున నున్నచో, దొంగకైనను వరదకైనను రెండును ఒక్కసారే చిక్కును. మాది తాడేపల్లిగూడెమున మా చెల్లెలి యింట నుండును. అది అక్కడికి చేరినట్లు ఫోను వచ్చువరకు మేము కార్డును చెరపము.