లాటినుభాషయందలి మధువాచకములు

లాటినుభాషయందు తేనెకు ‘మెల్’ అని పేరు. ఇది నపుంసకలింగము, షష్ఠ్యేకవచనము ‘మెల్లిస్’. తేనె యనునర్థమున సంస్కృత ‘మధు’ శబ్దమును నపుంసకలింగమే. ప్రాచీనలాటిను ‘దింగువా’ (నాలుక) తరువాత ‘లింగువా’ యైనట్లు, ఆ భాషలో దకారము లకారమగుటయు గలదు. కావున ‘మధు’ శబ్దమే ‘మెల్’ అయినదని సంస్కృతజ్ఞులకు దోచుట సహజము. కాని యా యూహ నిలువదు.

సంస్కృతమునందలి పదమధ్య ధకారమునకు లాటినులో పలుచోట్ల దకారమే కానవచ్చును. ‘మధ్య’ శబ్దమునకు ‘మెదియుస్’, ‘విధవా’ శబ్దమునకు ‘విదువా’ సజాతీయములు. ఇంతకంటె బలమైన సాక్ష్యము గ్రీకుభాషయందు గలదు. అందు మద్యవాచకమగు ‘మెథు’, తేనెను జెప్పు ‘మెలి’ యను రెండు శబ్దములును వేర్వేరుగ నిలిచియున్నవి. మొదటిది ‘మధు’ శబ్దమునకును, రెండవది ‘మెల్’ శబ్దమునకును తోబుట్టువు. హిట్టైటుభాషలోని ‘మిలిత్’, గోథికుభాషలోని ‘మిలిథ్’ ఈ రెండవ కుదురునకు జెందినవి. లాటినులో మొదటి కుదురు నిలువలేదు. తేనె కలిపిన ద్రాక్షాసవమునకు సైతము ‘మెల్’ సంబంధి యగు ‘ముల్సుమ్’ అనియే పేరు.

‘మెల్లిఫికారె’ యనగా తేనె చేయుట. ‘మధుకర’ శబ్దమున వలెనే ఇందును కరణార్థము గలదు. ఈగలను పెంచువాడు ‘మెల్లారియుస్’. ఈగ ‘ఆపిస్’, పట్టు ‘ఫావుస్’, మైనము ‘కేరా’. ఈగల గూటికి ‘అల్వుస్’ అని పేరు. ఆ శబ్దమునకు కడుపనియు నర్థము.

తేనె తీయుటకు ‘మెల్లాతియో’ యను సొంతపదమున్నను, రోమకులు ఇతరకృషుల పదములను గూడ వాడిరి. వర్జిల్ కవి దానిని ‘మెస్సిస్’, అనగా పైరుకోత, యనెను. క్రీ.శ. 1వ శతాబ్దివాడగు కొలుమెల్లా తన కృషిశాస్త్రము 9వ భాగమున ‘విన్దేమియా’ యనెను. ఈ పదమునకు ద్రాక్షపండ్లు కోయుట యని వాచ్యార్థము, తేనెయందు లాక్షణికము. ఆ లక్షణకు సాదృశ్యము లేకపోలేదు. ద్రాక్షాసవమును వడియగట్టు సాధనము వంటి, అడుగు సన్నమైన చువ్వలబుట్టను చీకటిచోట వ్రేలాడదీసి, అందు పట్టునుంచి తేనెను కారనిత్తురని యాతడే వ్రాసెను. పట్టు కోయుటను ‘కాస్త్రారె’ యనుటయు గలదు. పశువుల బీజములు తీయుటకును ఆ మాటయే. పట్టునంతయు దీయక, ఈగల యాహారమునకై కొంత విడువవలెనని యా శాస్త్రకారుల విధి.

తేనెపేరు రోమునగరముకంటె బ్రాచీనమైన వారసత్వము. తేనె తీయుటకు వాడిన పేర్లలో పెక్కు పొలమునుండియు, ద్రాక్షతోటనుండియు, పశువులశాలనుండియు వచ్చినవి. అర్థసామ్యము మాత్రముచే శబ్దములకు మూలైక్యము చెప్పరాదనుటకు ‘మధు’, ‘మెల్’ శబ్దములే తార్కాణము.