మిడి లైబ్రరీ: డ్రైవర్ ఇంటర్‌ఫేస్‌లో కాలమానం

బాలానగర్ వర్క్‌షాపుల్లో ప్రెస్సు అదే ఉంటుంది, డై మారుతుంది. బిగింపు కొలతలు మారవు. పలు ఆపరేటింగ్ సిస్టమ్‌లపై నడిచే మిడి లైబ్రరీలో ఆ కొలతల వంటిదే అంతర్గత డ్రైవర్ ఇంటర్‌ఫేస్. తెరవడం, మూయడం, పంపడం, అందుకోవడం అనే నాలుగు పనులు చాలనిపిస్తుంది. చిక్కు కాలం దగ్గర వస్తుంది.

విండోస్‌లోని విన్‌ఎంఎం, ఇన్‌పుట్ మొదలైనప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లకు సందేశం వచ్చిందో చెబుతుంది. మ్యాక్‌లోని కోర్‌మిడి కంప్యూటర్ గడియారం ప్రకారం ఇంకా సూక్ష్మంగా చెబుతుంది. ఇంటర్‌ఫేస్‌లో మిల్లీసెకన్లే పెడితే ఆ సూక్ష్మత పోతుంది. పైపొరలో తిరిగి రాబట్టలేం. అందుకే ప్రమాణాన్ని నానోసెకన్లుగా, ఆరంభాన్ని అన్నిటికీ ఒక్కటిగా నిర్ణయించండి. మార్పిడి ఏ డ్రైవర్‌కు ఆ డ్రైవరే చేసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కోర్‌మిడిలో ముందు సమయం సూచించి సందేశం పంపవచ్చు, విన్‌ఎంఎం సాధారణ పంపక ఫంక్షన్‌లో ఆ వీలు లేదు. వేచి ఉండే సందేశాల వరుసను పైపొరలో పెడతారా, డ్రైవర్‌లోనా? ఎందుకు?