సున్న చెప్పు శుభవార్త

పరీక్షలో సున్న వచ్చిన విద్యార్థి తల దించుకొనును. యూనిక్స్ పద్ధతి కంప్యూటర్లలో రీతి వేరు. అందు ప్రతి ప్రోగ్రామును ముగియునపుడు, తన్ను నడిపించిన దానికి ఒక సంఖ్యను అప్పగించును. అది సున్నయైనచో పని నెరవేరినట్లే. విజయము ఒక్కటే, వైఫల్యములు అనేకములు గదా! కనుకనే 1 నుండి 255 వరకు గల సంఖ్యలు వానికి విడువబడినవి. కోరిన పేరుగల ఆదేశమే దొరకనిచో షెల్ 127 అనును. బర్క్‌లీ యూనిక్స్ వారు 64 మొదలు 78 వరకు ప్రత్యేకార్థములు నిర్ణయించిరి: ఆదేశమును తప్పుగా వ్రాసినచో 64, అనుమతి లేనిచో 77. వానిని అందరును పాటింపరు.

గ్రెప్ అను ప్రోగ్రాము వెదకిన మాట లేనిచో 1, వెదకుటయే సాధ్యపడనిచో 2 నిచ్చును. ఫలితముల ఫైలులో హాలు టిక్కెట్టు నెంబరు లేకుండుట వేరు, ఫైలే తెరచుకొనకుండుట వేరు. ఈ రెంటిని ఒకటిగా తలచు స్క్రిప్టు, ఉత్తీర్ణుడైన వానిని కూడ తప్పినవాడని వ్రాసివేయును.